ఎత్తైన కార్యాలయ భవనాలలో అగ్నిమాపక వ్యవస్థ

ఎత్తైన కార్యాలయ భవనాలలో అగ్నిమాపక వ్యవస్థ అనగా బహుళ అంతస్తుల భవనాలలో నిప్పును త్వరగా గుర్తించుటకు, దానిని అదుపు చేయుటకు, లోపలివారు క్షేమంగా బయటపడుటకు భవనంలోనే అమర్చిన ఏర్పాట్ల సముదాయము. 2016 నాటి భారత జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల కట్టడాలను ఎత్తైన భవనాలుగా పరిగణిస్తుంది. అగ్నిమాపక దళం వద్ద ఎంత పొడవైన నిచ్చెన ఉన్నా అది అన్ని అంతస్తులకూ, అన్ని వైపులకూ చేరలేదు. అందువలన ఇటువంటి భవనంలో మంటలను ఆర్పే పని చాలావరకు లోపలి నుండే జరగవలసి ఉంటుంది. దళం ఎంత సమర్థమైనదైనా, భవనంలోని ఏర్పాట్లు పనిచేయకపోతే ఆ పని చాలా కష్టమవుతుంది.

పొగ స్వభావం

అగ్నిప్రమాదాలలో మరణాలు ఎక్కువగా మంటల వలన గాక పొగ వలన సంభవిస్తాయి. ప్లాస్టిక్, ఫోము, తివాచీలు, విద్యుత్ తీగల తొడుగులు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ మొదలైన విషవాయువులు వెలువడతాయి. వేడెక్కిన వాయువు తేలికై పైకి పోతుంది కనుక మెట్లదారి, లిఫ్టు గుంత, తీగలు పోయే సందులు పొగగొట్టాల వలె పనిచేస్తాయి. క్రింది అంతస్తులో నిప్పు చిన్నదిగా ఉన్నప్పుడే పై అంతస్తులలోని వారికి ఊపిరాడని స్థితి రావచ్చును.

సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో 2023 మార్చి 16 సాయంత్రం జరిగిన ప్రమాదం ఇందుకు విషాదకరమైన ఉదాహరణ. అయిదవ అంతస్తులోని ఒక కార్యాలయంలో పనిచేస్తున్న ఆరుగురు యువతీయువకులు పొగలో చిక్కుకొని ఊపిరాడక మరణించారు.

నీటి సరఫరా

నీటిని 10 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికే సుమారు ఒక బార్ పీడనం అవసరమగును. 50 మీటర్ల భవనానికి ఈ లెక్కన 5 బార్లు కావాలి. ఆపైన గొట్టం చివర నీరు బలంగా చిమ్మడానికి దాదాపు మూడున్నర బార్లు ఉండాలి. ఇందుకై భవనంలో నేలమట్టం వద్ద నీటి తొట్టి, పంపులు, పై అంతస్తు దాకా నిలువు గొట్టం ఏర్పాటు చేస్తారు. ఎల్లప్పుడూ నీటితో నిండి ఉండే ఈ నిలువు గొట్టాన్ని వెట్ రైజర్ అంటారు. గొట్టంలో పీడనం తగ్గకుండా చూచే చిన్న పంపును జాకీ పంపు అంటారు. ప్రధాన పంపు విద్యుత్తుతో నడుస్తుంది. ప్రమాద సమయంలో విద్యుత్తు నిలిచిపోయే అవకాశం ఉన్నందున డీజిల్ పంపు కూడా తప్పనిసరిగా ఉండాలి.

స్ప్రింక్లర్లు

పైకప్పుకు అమర్చిన స్ప్రింక్లరు మొనలో ద్రవం నింపిన చిన్న గాజు బుడ్డి ఉంటుంది. ఎర్రని ద్రవం గల బుడ్డి సుమారు 68 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పగిలి నీటిని వదులుతుంది. ఒకచోట నిప్పు పుడితే భవనమంతా తడిసిపోతుందనే నమ్మకం సరికాదు. సాధారణ వ్యవస్థలో వేడి తగిలిన మొనలు మాత్రమే తెరచుకుంటాయి.

1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో 22వ అంతస్తున నిప్పు పుట్టింది. నిలువు గొట్టం వద్ద పీడనాన్ని తగ్గించే కవాటాలను సరిగా అమర్చకపోవడం వలన దళానికి చాలినంత నీరు అందలేదు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఎనిమిది అంతస్తులను దహించిన ఆ మంటలు, స్ప్రింక్లర్లు ఉన్న 30వ అంతస్తు వద్ద నిలిచిపోయాయి. అక్కడ తెరచుకున్న మొనలు పది మాత్రమే.

మెట్లు, లిఫ్టులు

తప్పించుకొనే మెట్లదారిని నిప్పును తట్టుకొనే తలుపులతో వేరుచేస్తారు. ఇవి వాటంతటవే మూసుకొనాలి. గాలి కోసమని ఇటుకముక్క అడ్డుపెట్టి తెరచి ఉంచితే ఆ తలుపు పెట్టిన ప్రయోజనమే నెరవేరదు. తాళం వేయడం, మెట్లపై సామాను పేర్చడం అంతకంటె ప్రమాదకరం.

సాధారణ లిఫ్టును ప్రమాద సమయంలో వాడరాదు. 1988 మే 4న లాస్ ఏంజెలెస్‌లోని 62 అంతస్తుల ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంకు భవనంలో, నిప్పు సంగతి చూడటానికి లిఫ్టులో 12వ అంతస్తుకు వెళ్ళిన నిర్వహణ ఉద్యోగి ఒకరు మరణించారు. లిఫ్టు తలుపు మంటల ముందే తెరచుకున్నది. ఆ భవనంలో స్ప్రింక్లర్ల అమరిక చాలావరకు పూర్తయినా, కవాటాలు ఇంకా మూసి ఉండటం వలన అవి పనిచేయలేదు.

అగ్నిమాపక దళం పనితీరు

దళం మొదట నేల అంతస్తులోని హెచ్చరిక పలకను చూచి నిప్పు ఏ అంతస్తులో ఉన్నదో తెలుసుకుంటుంది. ప్రత్యేక లిఫ్టులో మండే అంతస్తుకు కొన్ని అంతస్తుల దిగువనే ఆగి, శ్వాస పరికరాలతో మెట్లెక్కి, క్రింది అంతస్తులోని నిలువు గొట్టానికి తమ గొట్టాన్ని తగిలించి పైకి పోతుంది. గొట్టం అడ్డుగా ఉన్నందున ఆ తలుపు పూర్తిగా మూసుకొనదు, పొగ ఆ మెట్లలోకి చేరుతుంది. అందుచేత ఒక మెట్లదారిని దళానికి, రెండవదానిని దిగివచ్చే జనానికి కేటాయిస్తారు. రెండు మెట్లదారులు ఎందుకనే ప్రశ్నకు ఇది ఒక ముఖ్య సమాధానం.

చిన్న పట్టణాలలో

నంద్యాల జిల్లాలోని డోన్ వంటి పట్టణాలలో ఆకాశహర్మ్యాలు లేవు. అయితే బ్యాంకు, శిక్షణా కేంద్రం, దుకాణాలు ఒకదానిపై ఒకటిగా, ఒకే ఇరుకు మెట్లదారితో ఉండే మూడు నాలుగు అంతస్తుల కట్టడాలు ఇటువంటి పట్టణాలలో సాధారణం. ఎత్తు 15 మీటర్లలోపు ఉన్నంత మాత్రాన పొగ స్వభావం మారదు.

రాయలసీమలో నీటి ఎద్దడి మరొక సమస్య. బోరు ఎండిన వేసవిలో అగ్నిమాపక తొట్టిలోని నీటిని వాడుకకు మళ్ళించాలనిపించడం సహజం. దీనిని నివారించడానికి ఒక సులభమైన పద్ధతి ఉన్నది. బోరు నీటిని ముందుగా అగ్నిమాపక తొట్టిలోకి పంపి, అది నిండి పొర్లిన నీరే వాడుక తొట్టిలోకి పోయేటట్లు కట్టాలి. అప్పుడు వాడుక తొట్టి ఖాళీ అయినా అగ్నిమాపక తొట్టి నిండుగానే ఉంటుంది. నీరు కూడా నిలవ ఉండక మారుతూ ఉంటుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

భవనంలో పనిచేసేవారు రెండు మెట్లదారులనూ ముందుగానే నడిచి చూచుకొనాలి. నిప్పు కనిపించగానే హెచ్చరిక గంట మ్రోగించి 101 లేదా 112కు ఫోను చేయాలి. బయటికి వచ్చేటప్పుడు వెనుక తలుపులు మూయాలి. పొగ క్రమ్మినచోట నేలకు దగ్గరగా వంగి కదలాలి. మెట్లలో పొగ నిండి దిగే వీలు లేకపోతే, కిటికీ గల గదిలో చేరి, తలుపు సందులను తడిగుడ్డలతో మూసి, తామున్న చోటును ఫోనులో తెలియజేయాలి.

భారతదేశంలో ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవులో జరిగిన ప్రేలుడులో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఈ తేదీని ఎంచుకొన్నారు. పంపును నడిపి చూడటానికి, తలుపుల తాళాలు తీయించటానికి, మెట్లదిగే అభ్యాసం చేయటానికి ఈ వారం తగిన సమయం.