40 డిగ్రీల తిరుపతిలో పీసీకి వాటర్ కూలింగ్: ఏ పార్ట్ మీద డబ్బు పెట్టాలి?

యూట్యూబ్‌లో చూసే వాటర్ కూలింగ్ రివ్యూలు ఎక్కువగా ఏసీ గదిలో, 21-25 డిగ్రీల మధ్య చేసినవే. మన తిరుపతి, చిత్తూరుల్లో మే నెలలో బయట 40 దాటుతుంది. మాది మేడ మీద గది, ఏసీ లేదు. ఎండాకాలం రాత్రి పదికి కూడా లోపల 36 చూపిస్తుంది. ఆ రివ్యూల నంబర్లు చూసి కూలర్ ఆర్డర్ పెడితే మనకు లెక్క తప్పుతుంది.

ఎందుకంటే వాటర్ కూలింగ్ చల్లదనాన్ని పుట్టించదు. ప్రాసెసర్ వేడిని నీళ్లు రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి, ఫ్యాన్లు దాన్ని గదిలోకి తోసేస్తాయి, అంతే. గది 36 ఉంటే నీళ్లు అంతకన్నా చల్లబడవు. మంచి లూప్‌లో లోడ్ మీద నీళ్లు గది కన్నా 10 డిగ్రీలు ఎక్కువ ఉంటాయనుకోండి. 24 డిగ్రీల ల్యాబ్‌లో అది 34. మన దగ్గర 46.

అందుకే డబ్బు ముందు రేడియేటర్ మీద పెట్టాలి. ఆర్‌జీబీ, స్క్రీన్ ఉన్న పంప్ తర్వాత సంగతి. ఒక 120 ఎంఎం ఫ్యాన్ పట్టే రేడియేటర్ భాగానికి సుమారు 100 వాట్లు అని నేను లెక్క వేసుకుంటాను. రైజెన్ 5 7600 స్టాక్ సెట్టింగ్స్‌లో 88 వాట్ల దగ్గర ఆగుతుంది. దానికి మంచి ఎయిర్ కూలర్ చాలు, మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు వాడుకోండి. అదే కోర్ ఐ7-14700కే అయితే టర్బోలో 253 వాట్లు లాగగలదు. మన ఎండలకు 360 రేడియేటర్ కన్నా తక్కువ వద్దు. గ్రాఫిక్స్ కార్డును కూడా లూప్‌లో కలిపితే ఇంకో రేడియేటర్ తప్పదు.

కస్టమ్ లూప్ కట్టేవాళ్లు మెటల్ చూసుకోవాలి. వాటర్ బ్లాక్ రాగిదైతే రేడియేటర్ కూడా రాగి లేదా ఇత్తడిదే తీసుకోండి. చౌకగా దొరికే అల్యూమినియం రేడియేటర్‌ను రాగి బ్లాక్‌తో కలిపితే అల్యూమినియం మెల్లగా తినేసుకుపోతుంది. మరి ఏఐఓల్లో రెండూ కలిపే ఉంటాయి కదా అంటారా? వాటిలో తుప్పు పట్టకుండా రసాయనం కలిపిన ద్రవం నింపి సీల్ చేస్తారు. మనం ఇంట్లో నింపుకునే లూప్‌కు ఆ భరోసా లేదు.

ఇక నీళ్లు. మన బోరు నీళ్ల సంగతి గీజర్ కాయిల్‌ను అడిగితే చెబుతుంది! ఆ తెల్లటి ఉప్పే వాటర్ బ్లాక్‌లోని వెంట్రుకంత సన్నని దారుల్లో పేరుకుంటే ఇక నీళ్లు కదలవు. ఆర్‌ఓ నీళ్లలో కూడా కొంత ఉప్పు మిగిలే ఉంటుంది. కాబట్టి అదీ వద్దు. రెడీమేడ్ కూలెంట్ కొనండి, లేదంటే డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు, పాచి పట్టకుండా ఆపే మందు కలపండి. రంగు కూలెంట్ ఫోటోకి బాగుంటుంది గానీ కొన్ని రకాల్లో రంగు అడుగున పేరుకుంటుంది. నా ఓటు రంగు లేనిదానికే.

ట్యూబ్ విషయంలోనూ మన ఎండే డిసైడ్ చేస్తుంది. గట్టి పీఈటీజీ ట్యూబ్ వేడికి మెత్తబడుతుంది. నీళ్లు 60 డిగ్రీల దగ్గరికి వెళ్తే ఫిట్టింగ్ దగ్గర పట్టు తప్పి లీక్ కావచ్చు. మామూలుగా అంత దూరం పోదు. కానీ ఒక ఫ్యాన్ ఆగిపోతే 46 నుంచి 60కి పెద్ద దూరం కాదు కదా. మొదటిసారి కట్టేవాళ్లకు నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబే నయం. షో తక్కువ, తలనొప్పీ తక్కువ. ఫిట్టింగ్ మాత్రం ట్యూబ్ లోపలి, బయటి సైజులు రెండూ చూసి కొనండి. 10/13 ఫిట్టింగ్‌లో 10/16 ట్యూబ్ పట్టదు. చెన్నై రిచీ స్ట్రీట్‌కో, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌కో పోయేవాళ్లు ట్యూబ్ ముక్క జేబులో వేసుకుని వెళ్లండి. రెండు ఫిట్టింగ్‌లు ఎక్కువే తెచ్చుకోండి, ఒక్కదాని కోసం మళ్లీ బస్సెక్కడం దండగ.

అన్నీ బిగించాక మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు పవర్ ఇవ్వకుండా పంప్ ఒక్కదాన్నే తిప్పండి. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పెట్టి ఒక రోజంతా వదిలేయండి. పేపర్లన్నీ పొడిగా ఉంటేనే మిగతా కేబుల్స్ కలపండి.