మామిడిపండు రంగు చీర ఎందుకు వెనక్కి వచ్చింది?

హైదరాబాద్ నుంచి చీర వెనక్కి వచ్చిందని మా పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో స్టాండప్ మీటింగ్‌లో ఉన్నా. ‘ఒరేయ్, ఆవిడ మామిడిపండు రంగు అడిగింది, నేను మామిడిపండు రంగే పంపా. సైట్‌లో గంధం రంగు చూపించి ఇది అంటగట్టారు అంటోంది’ అంది. 2,800 రూపాయల చీర. రానూపోనూ కొరియర్ ఖర్చు పిన్నిదే. డబ్బు సంగతి అటుంచండి, ఆవిడ ‘మోసం’ అన్న మాట వాడిందట. ఇరవై ఏళ్లుగా మంగళగిరిలో ఇంటి ముందు గదిలో చీరలు అమ్ముకుంటున్న మనిషిని ఆ మాట ఎవరూ అనలేదు.

ఆ సైట్ చేసింది నేనే. కాబట్టి ఆ మాట నాకే తగిలింది.

ఇంజినీరింగ్ చదివి ఆరేళ్లుగా కోడ్ రాస్తున్నా కదా, సైట్ ఎంతసేపు అనుకున్నా. వర్డ్‌ప్రెస్ వేసి, ఒక రెడీమేడ్ టెంప్లేట్ కొన్నా. డెమో చూస్తే కళ్లు చెదిరాయి. అది కొవ్వొత్తులు, పూలకుండీలు అమ్మే షాపు కోసం చేసిన డిజైన్. అంతా లేత గోధుమ రంగు, మధ్యలో ఆలివ్ కొమ్మల బొమ్మలు. రంగులు, బొమ్మలు మార్చేస్తే మన చీరల కొట్టు అయిపోతుంది అనుకున్నా. టెంప్లేట్ కొనేవాళ్లంతా మొదట అనుకునేది ఇదే. డెమోలో మనకి నచ్చేది సగం ఆ ఫొటోలేనని తర్వాత తెలుస్తుంది. చాలా టెంప్లేట్లతో ఆ ఫొటోలు మనకి రావు కూడా.

రంగులు మార్చడం నిజానికి తేలికే. మంచి టెంప్లేట్‌లో ఐదారు రంగులే ఉంటాయి, అవి ఫైల్ మొదట్లో ఒకేచోట పేర్లతో రాసి ఉంటాయి. అక్కడ ఒక్కటి మారిస్తే బటన్లు, హెడ్డింగులు, లింకులు అన్నీ మారిపోతాయి. నేను మొదట 800000 అనే కోడ్ పెట్టా. అంటే మెరూన్. దాని మీద బంగారు రంగు అక్షరాలు. పిన్నికి చూపిస్తే రెండు సెకన్లు చూసి, ‘ఎవరిదిరా పెళ్లి?’ అంది.

సరే అని రెండో రోజు మొత్తం తిప్పేశా. మీగడ రంగు బ్యాక్‌గ్రౌండ్, దాని మీద సన్నటి బంగారు అక్షరాలు, ఆర్డర్ బటన్ కూడా బంగారు రంగే, దాని మీద తెల్ల అక్షరాలు. నా లాప్‌టాప్‌లో జరీ అంచులా మెరిసిపోయింది. టీమ్‌లో అమ్మాయిలు కూడా బాగుందన్నారు. రెండు వారాలు సైట్ నుంచి ఒక్క ఆర్డర్ రాలేదు.

కారణం నాకు మంగళగిరి బస్టాండ్‌లో తెలిసింది. మిట్టమధ్యాహ్నం ఎండ. పిన్ని ఎవరికో సైట్ చూపించబోయి, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి ‘ఇందులో కొనేది ఎక్కడ్రా?’ అని నన్నే అడిగింది. బటన్ ఆమె బొటనవేలు కిందే ఉంది.

దీనికి లెక్క ఉంది. అక్షరం రంగుకీ వెనకున్న రంగుకీ వెలుగులో ఎంత తేడా ఉందో చెప్పేది కాంట్రాస్ట్ నిష్పత్తి. తెలుపు మీద నలుపు అయితే 21. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి 3 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. కళ్లకి రెండు రంగులూ ఒకేలా అనిపించినా ఈ లెక్క ఒప్పుకోదు. ఉదాహరణకి తెలుపు మీద 777777 అనే బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోయి ఫెయిలవుతుంది, కాస్త ముదురైన 767676 మాత్రం 4.54తో పాసవుతుంది. ఇంటర్లో ఒక్క మార్కుతో పోయిన సబ్జెక్టు గుర్తొచ్చింది నాకు. ఇక నా బంగారు బటన్ మీద తెల్ల అక్షరాల సంగతి చూస్తే 1.4. ఎండలో కనపడకపోవడం వింతేమీ కాదు. మెరూన్ మీద తెలుపు దాదాపు 11 ఉంది. పిన్ని పెళ్లి పత్రిక అన్న రంగే చివరికి బటన్‌కి పనికొచ్చింది. పేజీ అంతా పూస్తే పత్రిక, ఒక్క బటన్‌కి వాడితే కొట్టు. బంగారు రంగుని గీతలకీ అంచులకీ పరిమితం చేశా, చీరలో జరీలాగే.

ఆర్డర్లు మొదలయ్యాయి. అప్పుడే ఆ మామిడిపండు గొడవ.

ఆ సాయంత్రం పిన్ని తీసిన అసలు ఫొటోనీ, సైట్‌లో కనిపిస్తున్న ఫొటోనీ పక్కపక్కన పెట్టా. ఫైల్ ఒక్కటే. రంగులు వేరు. గంటసేపు కెమెరాని, ఫోన్ స్క్రీన్‌ని, ఫొటో కంప్రెషన్‌ని అనుమానించా. చివరికి బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిస్తే దొరికింది. ఫొటోలన్నిటి మీదా ఒక ఫిల్టర్ లైను ఉంది: సెపియా 25 శాతం, రంగుల గాఢత 75 శాతం. కొవ్వొత్తుల ఫొటోలు పాతకాలం ఆల్బంలో లాగా వెచ్చగా కనిపించాలని డిజైనర్ పెట్టుకున్నాడు. అతని షాపుకి అది అందం. మన దగ్గర ఉల్లిపొర రంగుకీ కనకాంబరం రంగుకీ తేడా చూసి కొంటారు. నేను రంగులు మార్చాననుకున్న పేజీలో, అమ్మే వస్తువు రంగు మీదే టెంప్లేట్ చెయ్యి ఉంది. నేను చూడనే లేదు.

ఆ లైను తీసేశా. పక్కనే ఇంకోటి బయటపడింది. ఫొటో పెట్టె నిండేలా సాగి, మిగిలింది కత్తిరించే సెట్టింగ్ అది. చతురస్రం పెట్టెలో నిలువు ఫొటో పెడితే పైనా కిందా పోతాయి. చీర ఫొటోలో కింద పోయేది అంచు. మంగళగిరి చీరకి ఒళ్లంతా సాదాగా ఉండి, అందమంతా అంచులోనే ఉంటుంది కదా! ‘మొగుణ్ణి చూపించకుండా సంబంధం ఖాయం చేస్తావా?’ అని పిన్ని నవ్వింది. పెట్టెనే నిలువుగా మార్చేశా.

ఫొటోలు తీసే పద్ధతి కూడా మార్చాం. ట్యూబ్‌లైట్ కింద కాకుండా పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య కిటికీ వెలుతురులో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి. ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనిపిస్తే చీర రంగు నమ్మొచ్చు. నీలంగానో పచ్చగానో కనిపిస్తే మళ్లీ తియ్యాలి. ఒక్కో ఫొటో నాలుగు ఎంబీ ఉండేది, వెబ్‌పీలోకి మార్చి 150 కేబీ లోపుకి దించా.

తెలుగు అక్షరాలతో ఇంకో తంటా. టెంప్లేట్ ఫాంట్‌లో తెలుగు లేదు, కాబట్టి ఫోన్ తనకి తోచిన ఫాంట్ చూపిస్తుంది. వరసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి సరిపడా పెట్టారు, మన వత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కున్నాయి. హెడ్డింగుల్లో అక్షరాల మధ్య స్టైల్ కోసం పెట్టిన ఎడం వల్ల మాటలు పళ్లూడినట్టు కనిపించాయి. ఆ ఎడం సున్నా చేసి, హెడ్డింగులకి రామభద్ర, మిగతాదానికి మండలి ఫాంట్ పెట్టి, వరసల ఎత్తు 1.7 చేశా. రెండు ఫాంట్లూ గూగుల్‌లో ఉచితమే. ఆలివ్ కొమ్మలు తీసేసి, గోపురం అంచులో ఉండే త్రికోణాల వరస ఒకటి ఎస్‌వీజీలో గీశా. ఎంత పెద్ద చేసినా మసకబారదు, సైజు ఒక కేబీ కూడా లేదు. నాకు ఈ మొత్తం పనిలో బాగా నచ్చింది అదే, పిన్ని మాత్రం ఇప్పటికీ దాన్ని గమనించలేదు.

మూడు వారాల తర్వాత టెంప్లేట్‌కి అప్‌డేట్ వచ్చింది, నొక్కా. పొద్దున్నే చూస్తే చీరలన్నీ మళ్లీ గంధంలో ముంచి తీసినట్టున్నాయి! నేను మార్పులన్నీ టెంప్లేట్ అసలు ఫైళ్లలోనే చేశా, అప్‌డేట్ వాటిని తుడిచి కొత్తవి పెట్టింది. కొత్త కుర్రాళ్లకి ఆఫీసులో నేనే చెప్పే పాఠం ఇది, సిగ్గేసింది. చైల్డ్ థీమ్ చేసి మార్పులన్నీ అందులో పెట్టాలి, చిన్నవైతే ‘అదనపు సీఎస్‌ఎస్’ పెట్టెలో రాసుకున్నా చాలు. అప్‌డేట్ వాటి జోలికి పోదు. అదృష్టం బాగుండి ఆ రాత్రి ఎవరూ ఆర్డర్ పెట్టలేదు.

ఫోన్‌ని బట్టి రంగు కాస్త మారుతుందని ఇప్పుడు ప్రతి చీర కింద ఒక వాక్యం రాసి ఉంటుంది, పక్కనే వాట్సాప్ బటన్. వెనక్కి వచ్చిన చీరని పిన్ని ఇంకా అమ్మలేదు. బీరువా పై అరలో ఉంది. ఎవరైనా ఫోన్ చేసి ‘సైట్‌లో రంగు నిజమేనా అండీ?’ అంటే దాన్నే తీసి, కిటికీ దగ్గర పరిచి, ‘ముందు మీ ఫోన్‌లో ఆ మామిడిపండు రంగు ఫొటో తెరవండమ్మా’ అని వీడియో కాల్‌లో రెండూ పోల్చి చూసుకోమంటోంది.