ముందు చెవి, తర్వాతే గొంతు: హైదరాబాద్ హ్యామ్‌ల లోకం

హ్యామ్ రేడియోతో పరిచయం ఉన్నవారికి హైదరాబాద్ అనగానే రెండు చిరునామాలు గుర్తుకొస్తాయి. ఒకటి సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. రెండోది బంజారాహిల్స్‌లో బండరాళ్ల నడుమ ఉన్న లామకాన్. మొదటిది 1983లో ఎస్. సూరి చొరవతో పుట్టిన శిక్షణ సంస్థ. రెండోది 2010లో తలుపులు తెరిచిన సాంస్కృతిక వేదిక. నాటకాలు, కచేరీలు, చర్చలు జరిగే ఆ ఆవరణలో చాయ్, సమోసాల మధ్య ఒక రేడియో క్లబ్బు కూడా పెరిగింది. పుట్టుకలోనూ తీరులోనూ ఒకదానికొకటి పోలిక లేని ఈ రెండు చోట్లా కొత్తగా వచ్చినవారికి ముందుగా అబ్బే విద్య మాత్రం ఒక్కటే. మైకు బటన్ నొక్కే ముందు చెవిపెట్టి వినడం.

హ్యామ్ అంటే ప్రభుత్వ పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత రేడియో కేంద్రం నడుపుకొనే మనిషి. ఇందులో జీతం లేదు. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు ప్రసారం చేయకూడదు, రహస్య సంకేతాల చాటున దాక్కోకూడదు. మాట్లాడేదంతా ఎవరైనా వినేలా ఉండాలి. ప్రతి కేంద్రానికీ ప్రపంచంలో మరెవరికీ లేని పేరు ఒకటి ఉంటుంది, దాన్ని కాల్‌సైన్ అంటారు. మన దేశపు కాల్‌సైన్లు సాధారణంగా వీయూ అక్షరాలతో మొదలవుతాయి. వాటి తర్వాత 2 ఉంటే జనరల్ గ్రేడు, 3 ఉంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడు. రాజీవ్ గాంధీ కూడా హ్యామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. ప్రధాని అయినా పదో తరగతి పిల్లవాడైనా గాలిలో పలకరింపు కాల్‌సైన్‌తోనే మొదలవుతుంది.

ఈ అభిరుచికి మన దగ్గర నూరేళ్లు దాటాయి. 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు 2జేకే అనే కాల్‌సైన్‌తో తొలి భారతీయ హ్యామ్ అయ్యారు. ముకుల్ బోస్ ఆయన బాట పట్టారు. ఇప్పుడు ఆకాశవాణి అని మనం పిలుచుకునే వ్యవస్థ రాకముందు ఈ దేశంలో ప్రసారాలు మొదలుపెట్టింది కూడా క్లబ్బులే. 1923లో బొంబాయి, కలకత్తా రేడియో క్లబ్బులు గొంతు విప్పాయి. 1924లో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టే నాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. డబ్బులు చాలక మూడేళ్లకే ఆ క్లబ్బు మూతపడింది. దాని ట్రాన్స్‌మిటర్ మద్రాస్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది. నలుగురు ఔత్సాహికులు చందాలు వేసుకుని నడిపిన పని తర్వాతి కాలంలో ప్రభుత్వ శాఖగా ఎదిగింది.

హ్యామ్ కేంద్రానికి కావలసిన సామగ్రి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. హ్యామ్‌లు ఎక్కువగా వాడే బ్యాండ్లలో ఒకటి ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అక్కడ తరంగం పొడవు నలభై మీటర్ల పైచిలుకు. అందుకే దాన్ని నలభై మీటర్ల బ్యాండ్ అంటారు. అందులో సగం, అంటే సుమారు 20 మీటర్ల రాగితీగను రెండు కొబ్బరిచెట్ల మధ్య లాగి కట్టి, సరిగ్గా మధ్యలో తెంపి, ఆ రెండు కొసలకూ కేబుల్ కలిపితే డైపోల్ యాంటెన్నా సిద్ధం. తీగ నుంచి బయల్దేరిన తరంగం భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి తయారుచేసిన అయనోస్ఫియర్‌ను తాకి కిందికి వంగుతుంది. పగటిపూట కింది పొర ఈ తరంగాలను కొంత మింగేస్తుంది కాబట్టి ఈ బ్యాండ్‌లో మాట వందల కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. పొద్దు వాలాక ఆ పొర కరిగిపోతుంది. అదే తీగ, అదే కరెంటు, మాట మాత్రం సముద్రాలు దాటుతుంది. పదకొండేళ్లకోసారి పెరిగి తరిగే సూర్యుడి మచ్చల్ని బట్టి కూడా ఈ దూరాలు మారతాయి. అందుకే పాత హ్యామ్‌లు రేడియో పెట్టగానే మాట్లాడరు. ఈ వేళ ఆకాశం ఎటు తెరుచుకుందో కాసేపు విని తెలుసుకుంటారు.

ఈ వినికిడికి రోజువారీ సాధన నెట్. నిర్ణయించిన వేళకు, నిర్ణయించిన ఫ్రీక్వెన్సీ మీద హ్యామ్‌లంతా చేరే సభ అది. హైదరాబాద్ పేరును గాలిలో మోస్తున్న నెట్‌ను చార్మినార్ నెట్ అంటారు. నెట్‌కు ఒక కంట్రోలర్ ఉంటారు. ఎవరు వచ్చారో రాసుకుంటూ, ఒక్కొక్కరినీ పిలుస్తూ, వంతు ఇస్తూ పోతారు. సిగ్నల్ ఎలా అందుతోంది, మీ వైపు వాన పడిందా, కొత్త యాంటెన్నా ఎలా ఉంది... ఇవే కబుర్లు. బయటివారికి ఇందులో విశేషమేమీ కనిపించకపోవచ్చు. కానీ గమనించండి. ఒకరు ఓవర్ అన్నాక రెండోవారు వెంటనే అందుకోరు, క్షణం ఆగుతారు. ఆ ఖాళీ ఆపదలో ఉన్నవారి కోసం. బలహీనమైన గొంతు ఏదైనా బ్రేక్ అంటే అందరూ మౌనం వహించి దానికి దారి ఇస్తారు. నలుగురు కలిసి ఇలా మాట్లాడటం ఇంట్లో ఒంటరిగా పుస్తకం చదివితే వచ్చేది కాదు. క్లబ్బు అవసరం అక్కడుంది.

ఆ సాధన విలువ 2004లో ప్రపంచానికి తెలిసింది. అండమాన్, నికోబార్ దీవులను హ్యామ్‌లు తమ లెక్కల్లో భారత ప్రధాన భూభాగం నుంచి వేరుగా, ప్రత్యేక దేశంలా లెక్కిస్తారు. 1987 తర్వాత అక్కడి నుంచి గాలిలో పలుకే లేదు. పదిహేడేళ్ల నిరీక్షణ ముగిసి అనుమతి దొరకగానే, ఆ డిసెంబరులో భారతి ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, ఒక బృందంతో పోర్ట్ బ్లెయిర్ చేరారు. ఎన్నో దేశాల హ్యామ్‌లు వాళ్లతో ఒక్క మాట కలిపితే చాలని వరుసలో నిలబడ్డారు. డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో భూమి కంపించింది. 9.1 తీవ్రత గల భూకంపం, దాని వెనకే సునామీ. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అభిరుచి కోసం మోసుకెళ్లిన ఆ రేడియోలే క్షణాల్లో దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య వంతెన అయ్యాయి. బృందంలోని కొందరు కార్ నికోబార్ వెళ్లి అక్కడా కేంద్రం తెరిచారు. మావాళ్లు బతికే ఉన్నారా అన్న ప్రశ్నలు, క్షేమంగా ఉన్నారన్న జవాబులు రోజుల తరబడి ఆ తరంగాల మీదే నడిచాయి. పదేళ్ల తర్వాత 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పుడు సెల్ టవర్లు పడిపోయాయి. అప్పుడూ హ్యామ్‌లు సెట్లు భుజాన వేసుకుని పనిలోకి దిగారు. అలాంటి వేళ యంత్రం ఎంత ముఖ్యమో, తన వంతు వచ్చేదాకా ఆగి, విన్న సందేశాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పగల మనిషి అంతకన్నా ముఖ్యం.

ఇక లామకాన్ కథ వేరు. ఒకప్పుడు ఫొటోగ్రాఫర్ ఎం. హసన్ నివాసం అది. దాన్ని అందరి చోటుగా మార్చినవారిలో అష్హర్ ఫర్హాన్ ఒకరు. నాటకరంగంలో ఎంత తెలిసినవారో, వీయూ2ఈఎస్‌ఈ కాల్‌సైన్‌తో హ్యామ్ లోకంలో అంతకన్నా ఎక్కువ తెలిసినవారు. విదేశీ సెట్లు కొనే స్తోమత లేని మన పిల్లల కోసం ఆయన బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ రూపొందించారు. మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే విడిభాగాలతోనే దాన్ని చేసుకోవచ్చు. ప్రత్యేకమైన ఫెరైట్ రింగులు దొరక్కపోతే నీళ్ల కొళాయిలో వేసే వాషర్ మీద తీగ చుట్టి కాయిల్ చేసుకునే ఉపాయమూ చెప్పారు. తొలి బిట్‌ఎక్స్ శక్తి దాదాపు ఆరు వాట్లు, ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బుకన్నా తక్కువే. ఆకాశం అనుకూలిస్తే ఆ ఆరు వాట్లే ఖండాలు దాటతాయి. 2016 చివర్లో బిట్‌ఎక్స్40, మరుసటి ఏడాది చివర్లో మైక్రోబిట్‌ఎక్స్ కిట్లుగా వచ్చాయి. వాటి కాయిళ్లు చుట్టింది ఒక మహిళా బృందం. ఆ చేతులు చుట్టిన తీగలు అమెరికా, యూరప్ హ్యామ్‌ల బల్లల మీదికి చేరాయి. ఎక్కడో తయారైన సెట్టు కోసం మనం ఎదురుచూసిన రోజులకు ఇది తిరుగు ప్రయాణం.

తెలుగునేలకు ఇంకో గర్వకారణం ఉంది. 2005 మే 5న శ్రీహరికోటలో కొత్తగా కట్టిన రెండో ప్రయోగ వేదిక నుంచి తొలిసారి లేచిన రాకెట్ పీఎస్‌ఎల్‌వీ సీ6. కార్టోశాట్-1తో పాటు అది 42.5 కిలోల హ్యామ్‌శాట్‌నూ కక్ష్యలో పెట్టింది. కేవలం హ్యామ్‌ల కోసమే ఇస్రో పంపిన ఉపగ్రహం అది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి నెదర్లాండ్స్‌కు చెందిన విద్యార్థి హ్యామ్ చేసినది. ఆ ఉపగ్రహం తల మీదుగా పోయే కొద్ది నిమిషాల్లో, చేత్తో పట్టుకున్న యాంటెన్నాను ఆకాశంలో తిప్పుతూ హ్యామ్‌లు దూరదేశాలవారితో మాట కలిపేవారు. 2014 దాకా, తొమ్మిదేళ్లకు పైగా అది సేవలందించింది.

క్లబ్బు నడపడమంటే ఇవన్నీ నిలబెట్టడం. క్లబ్బు పేరు మీదే కేంద్రం లైసెన్సు ఉంటుంది, దాని బాధ్యత లైసెన్సు ఉన్న ఒక సభ్యుడు మోయాలి. నగరమంతా చేతిసెట్లతో మాట్లాడుకోవాలంటే ఎత్తైన చోట రిపీటర్ పెట్టాలి. అది 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్న మాటను, సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉన్న మరో ఫ్రీక్వెన్సీ మీద అప్పటికప్పుడే తిరిగి పంపుతుంది. కరెంటు పోయినా ఆగకూడదు కాబట్టి బ్యాటరీలు చూసుకోవాలి, పిడుగుల కాలంలో ఎర్తింగ్ చూసుకోవాలి. కొత్తవారికి పాఠాలు చెప్పాలి. దాచిన ట్రాన్స్‌మిటర్‌ను యాంటెన్నాతో వెతికి పట్టుకునే ఫాక్స్ హంట్ ఆటలు పెట్టాలి. మాట కలిసినందుకు గుర్తుగా హ్యామ్‌లు పంపుకొనే క్యూఎస్‌ఎల్ కార్డులు అందజేయాలి. అరచేతిలో పట్టే ఆ కార్డు మీద కాల్‌సైన్, తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ ఎంత స్పష్టంగా అందిందో చెప్పే అంకెలు ఉంటాయి. వాటిని ఆల్బమ్‌లలో దాచుకునేవారు ఒక్కో కార్డు వెనక ఒక్కో రాత్రి కథ చెబుతారు.

చేరాలనుకునేవారికి దారి తేలికే. 12 ఏళ్లు నిండిన భారతీయులెవరైనా పరీక్ష రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు అనే రెండు భాగాలుంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, ఇంటర్ స్థాయి భౌతికశాస్త్రం బాగా వస్తే ధైర్యంగా కూర్చోవచ్చు. జనరల్ గ్రేడుకు మోర్స్ సంకేతాలను నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో వినడం, పంపడం నేర్చుకోవాలి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు ఇస్తుంది, దరఖాస్తుకు సరళ్ సంచార్ పోర్టల్ ఉంది. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి ముందుగా క్లబ్బులో సీనియర్లను అడగడం మంచిది. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ వాడటం నేరం, కాబట్టి సెట్టు కొనడంతో మొదలుపెట్టొద్దు. ముందు సోమాజిగూడలోనో లామకాన్‌లోనో శిక్షణ ఎప్పుడుందో కనుక్కోండి. అక్కడి హ్యామ్‌ల పక్కన కూర్చుని నెట్ వినండి.

సముద్రం వైపు చూసే మన జిల్లాల్లో, గోదావరి వరదలు ఎరిగిన ఊళ్లలో ఇలాంటి క్లబ్బులు ఇంకా ఎన్నో కావాలి. కాలేజీలూ క్లబ్బు లైసెన్సు తీసుకోవచ్చు. ఒక లెక్చరర్, పదిమంది పిల్లలు, మేడ మీద 20 మీటర్ల తీగ ఉంటే చాలు. అయితే తుపాను హెచ్చరిక వచ్చాక మొదలుపెడితే సాగే పని కాదిది. ఆకాశం నిర్మలంగా ఉన్న ఆదివారాల్లో వంతులవారీగా మాట్లాడటం అలవాటైన పిల్లలే, గాలివాన రాత్రి ఊరికి గొంతు ఇవ్వగలరు.