మూలప్రతి విలువ: లినక్స్‌లో సోర్స్ కోడ్ నుండి సాఫ్ట్‌వేర్ నిర్మాణం

పూర్వం తాళపత్ర గ్రంథాలను పరిష్కరించిన పండితులు ఒక్క ప్రతిని చూచి తృప్తి చెందేవారు కారు. పలు ప్రతులను సేకరించి, పాఠాంతరాలను సరిపోల్చి, ఎవరో నడుమ చేర్చిన ప్రక్షిప్తాలను ఏరివేసేవారు. కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా అటువంటి పరిష్కర్తలు ఎంత అవసరమో 2024వ సంవత్సరంలో జరిగిన ఒక ఉదంతం చాటిచెప్పింది. దానిని గ్రహించాలంటే, మూలప్రతి నుండి ప్రోగ్రాము ఎలా తయారవుతుందో ముందుగా తెలియాలి.

ప్రోగ్రాము రచయిత 'సి' వంటి భాషలో, మనుష్యులు చదువగలిగేటట్లు వ్రాసే పాఠమే సోర్స్ కోడ్. యంత్రానికి అర్థమయ్యేవి అంకెల రూపంలోని ఆదేశాలు మాత్రమే. మొదటిదానిని రెండవదానిగా మార్చే సాధనం కంపైలర్. ఒకసారి మార్పు జరిగాక, ఫలితాన్ని చూచి మూలాన్ని ఊహించడం బహు కష్టం. అందువల్ల మూలం అందరికీ అందుబాటులో ఉండాలన్న ఆశయంతో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించారు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించారు. మరుసటి సంవత్సరం అది గ్నూ లైసెన్సు క్రిందకు వచ్చింది. చదవడానికి, మార్చడానికి, పదిమందికి పంచడానికి ఆ లైసెన్సు హక్కు కల్పిస్తుంది.

మూలం నుండి నిర్మించే పద్ధతిని నేర్చుకోవడానికి గ్నూ వారి 'హలో' అనే చిన్న ప్రోగ్రాము చక్కని ఉదాహరణ. ఒక పలకరింపును తెరపై చూపడమే దాని పని. దాని మూలం 'టార్' అనే మూటగా లభిస్తుంది. మూటకు తోడుగా ఉన్న డిజిటల్ సంతకాన్ని సరిచూచి, మూట విప్పి, అందులోని 'రీడ్‌మీ', 'ఇన్‌స్టాల్' అనే పత్రాలను చదవడం మొదటి పని.

తరువాత మెట్లు మూడు. మొదటిది 'కాన్ఫిగర్'. కంపైలర్ ఉన్నదా, కావలసిన లైబ్రరీలు ఉన్నాయా అని ఇది పరీక్షించి, ఆ యంత్రానికి తగిన 'మేక్‌ఫైల్'ను వ్రాస్తుంది. ఏదైనా లోపిస్తే సాధారణంగా ఇక్కడే పని ఆగిపోతుంది. చివరి పంక్తులలో లోపించిన వస్తువు పేరు కనిపిస్తుంది. రెండవది 'మేక్'. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన ఈ ఉపకరణం, దస్త్రాలు మారిన వేళలను పోల్చి, అవసరమైనవాటిని మాత్రమే తిరిగి కంపైల్ చేయిస్తుంది. మూడవది 'మేక్ ఇన్‌స్టాల్'. సిద్ధమైన ప్రోగ్రామును ఇది తగిన స్థానంలో ఉంచుతుంది. ఈ మెట్టుకు ముందు 'మేక్ చెక్' అని ఆదేశిస్తే, రచయితలు ఏర్పరచిన పరీక్షలు నడుస్తాయి.

నేడు సిద్ధపరచిన ప్యాకేజీలు ఒక్క ఆదేశంతో లభిస్తున్నాయి కనుక ఇంత శ్రమ ఎందుకన్న సందేహం సహజం. నిత్యావసరాలకు ఆ ప్యాకేజీలు చాలును. అయితే వాటిని కూడా ఎవరో ఒకరు ఇదే విధంగా మూలం నుండి నిర్మించవలసిందే.

ఇక ముందు ప్రస్తావించిన ఉదంతం. 'ఎక్స్‌జెడ్' అనేది దస్త్రాలను కుదించే ఉపకరణం. దానిని చాలాకాలం ఒక్క స్వచ్ఛంద రచయిత తీరిక వేళల్లో నిర్వహిస్తూ వచ్చారు. మారుపేరుతో వచ్చిన వ్యక్తి ఒకడు రెండేళ్లకు పైగా సహాయపడి, నమ్మకం సంపాదించి, కొత్త సంచికలను విడుదల చేసే అధికారం పొందాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన 5.6.0, 5.6.1 సంచికలలో ఒక దొంగదారి దాగి ఉంది. దాని ముఖ్యభాగం పరీక్షల కోసం ఉంచిన దస్త్రాలలో ఇమిడి ఉంది. దానిని మేల్కొలిపే పంక్తులు మాత్రం అందరూ చూచే మూలభాండాగారంలో లేవు. పంపిణీ చేసిన మూటలోనే ఉన్నాయి. అక్షరాలా ప్రక్షిప్తం! మూటపై సంతకం సక్రమమైనదే. సంతకం పంపినవారెవరో చెబుతుంది గాని, వారి ఉద్దేశాన్ని చెప్పదు.

దూరపు కంప్యూటరులోకి ప్రవేశించే 'ఎస్.ఎస్.హెచ్.' తన పరీక్షాయంత్రంపై సుమారు అర సెకను ఆలస్యమవుతున్నదని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిర్మాతలలో ఒకరైన ఆండ్రెస్ ఫ్రాయిండ్ గమనించారు. అర సెకనును ఎవరైనా ఉపేక్షిస్తారు, ఆయన ఉపేక్షించలేదు. కారణాన్ని అన్వేషిస్తూ వెళ్లి దొంగదారిని కనుగొని, మార్చి 29న లోకానికి వెల్లడించారు. అప్పటికి ఆ సంచికలు ప్రధానంగా ప్రయోగదశలో ఉన్న లినక్స్ పంపిణీలకే చేరాయి. గమనించి ఉండకపోతే, రహస్యపు తాళంచెవి గలవాడు అసంఖ్యాకమైన సర్వర్లలో తన ఆదేశాలను నడిపించగలిగేవాడు.

మూలం తెరచి ఉన్నంత మాత్రాన రక్షణ దానంతట అదే రాదు. తెరచి ఉన్నదానిని చదివేవారు ఉండాలి. చదవడం అలవాటు కావాలంటే చిన్న ప్రోగ్రాముతో ఆరంభించడమే ఉత్తమం. ఇంట్లో పెద్దలూ పిల్లలూ ఒక సెలవు దినాన 'హలో' మూలాన్ని తెరచి, అందులోని ఆంగ్ల పలకరింపు స్థానంలో 'నమస్కారం' అని వ్రాసి, మళ్లీ 'మేక్' నడిపించవచ్చును. తెలుగు అక్షరాలు అమరిన తెరపై ఆ మాట కనిపిస్తుంది. ఆపైన 'మేక్ చెక్' నడిపిస్తే, పలకరింపు మారినదని పరీక్ష ఫిర్యాదు చేస్తుంది. మారినదేమిటో, మార్చినదెవరో ఆ ఇంటివారికి తెలుసు. ఆ తెలిసి ఉండడమే మూలప్రతి ఇచ్చే విలువ.