డుమస్ తీరంలో నీరు ఎటునుంచి వస్తుంది?

విద్యార్థులారా! సెలవులు వచ్చాయంటే సూరత్‌లోని మన తెలుగు కుటుంబాలకు మొదట గుర్తుకొచ్చే చోటు డుమస్. లింబాయత్ మగ్గాల చప్పుడులో పెరిగిన పిల్లలకు దగ్గరి సముద్రం అదే, ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్లు. సర్వపిండి, పులిహోర కట్టుకుని, చుట్టాల పిల్లలను కూడా వెంటబెట్టుకుని బయలుదేరుతాం. అక్కడికి చేరాక పెద్దవాళ్లు చాప పరిచి కూర్చుంటారు. "తమ్ముణ్ని చూసుకో" అని మీకు అప్పజెబుతారు. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు విన్నవారి కోసమే ఈ పాఠం.

సముద్రంలో ప్రమాదం దేనివల్ల అని అడిగితే అల వల్ల అని చాలామంది చెబుతారు. విశాఖ తీరం చూసినవారి అనుభవం అది. అక్కడ అల విరిగి వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. డుమస్‌లో, తపతికి ఆవలి వైపున్న సువాలీలో మామూలు రోజున అల చిన్నది. నీరు చెరువులా కనిపిస్తుంది. అది చూసి పెద్దలు ధైర్యపడతారు. ఇక్కడ మనం లెక్క వేయవలసింది పోటును.

చంద్రుడు, సూర్యుడు ఆకర్షించడం వల్ల సముద్ర మట్టం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుందని మీరు చదువుకున్నారు. పెరగడం పోటు, తగ్గడం ఆటు. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల ఈరోజు వచ్చిన వేళకు రేపు రాదు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. "పోయిన ఆదివారం ఈ వేళకు నీళ్లు దూరంగానే ఉన్నాయి" అనే మాటను నమ్మకూడదన్నది ఇందుకే.

విశాఖలో ఆటుకూ పోటుకూ తేడా పెద్ద పోటు రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే. ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంటుంది. వెడల్పాటి నోటి నుంచి లోపలికి వచ్చే నీటికి పోనుపోను చోటు ఇరుకై, లోతు తగ్గి, మట్టం పైకి లేస్తుంది. భావనగర్ వద్ద ఈ తేడా 10 మీటర్లు దాటుతుంది. నోటికి దగ్గరగా ఉన్న సూరత్ తీరంలో పెద్ద పోటు రోజున ఐదారు మీటర్లు, అంటే రెండంతస్తుల ఇంటి ఎత్తు ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. పోటు ఆరు గంటల పాటు ఎక్కుతుంది, కానీ ఒకే వేగంతో ఎక్కదు. మొత్తం ఎత్తును 12 భాగాలు చేస్తే, గంట గంటకూ వరుసగా 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున పెరుగుతుందని నావికుల అంచనా. తేడా 6 మీటర్లయితే మూడో గంటలో, నాలుగో గంటలో ఒక్కొక్క గంటకు ఒకటిన్నర మీటరు లేస్తుంది. తీరం 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలుగా ఉందనుకోండి. అప్పుడు నీటి అంచు గంటకు 300 మీటర్లు, నిమిషానికి 5 మీటర్లు ఒడ్డు వైపు జరుగుతుంది. మీరు చాప పరిచినప్పుడు అర కిలోమీటరు దూరాన ఉన్న సముద్రం గంటా నలభై నిమిషాల్లో చాప దగ్గరికి వచ్చేస్తుంది. భోంచేసి, కాసేపు నడుం వాల్చి లేచేంత సమయం! మీటరు ఎత్తున్న నాలుగేళ్ల పిల్లవాడు నిలబడిన చోటనే నిలబడితే, 20 నిమిషాల్లో అర మీటరు నీరు చేరి నడుము దగ్గరికి వస్తుంది.

ఇంతకన్నా మోసకరమైనది మరొకటి ఉంది. ఆటు సమయంలో బయటపడే ఇసుక నేల చదునుగా కనిపిస్తుంది గాని చదును కాదు. మధ్య మధ్య పల్లపు పాయలు ఉంటాయి. పోటు నీరు మొదట ఆ పాయల్లోకి చేరుతుంది. మీరు సముద్రం వైపు చూస్తూ ఇసుక దిబ్బ మీద ఆడుకుంటూ ఉంటే, నీరు మీ వెనుక నుంచి, మీకూ ఒడ్డుకూ మధ్య నిండిపోతుంది. శీర్షికలో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. అందువల్ల దిబ్బల మీదికి పిల్లలను తీసుకుపోకండి. తిరిగి తిరిగి వెనక్కి కూడా చూడండి. ఈ తీరంలో బురద కూడా ఎక్కువే. సరదాగా ఇసుక మీద నడిపిన కార్లు కూరుకుపోయిన వార్తలు సూరత్ పత్రికల్లో మీరు చూసే ఉంటారు. కారును లాగలేని నేల పిల్లవాడి కాలును మాత్రం ఊరికే వదులుతుందా? కాలు దిగబడితే గుంజుకోవద్దు. వెనక్కి వాలి, బరువును పరిచి, కాలిని మెల్లగా కదుపుతూ తీయాలి.

పెద్ద పోటు వచ్చేది అమావాస్య, పౌర్ణమి, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లో. మనవాళ్లు పుణ్యస్నానాలకు పిల్లలతో వెళ్లేదీ ఆ తిథుల్లోనే. బయలుదేరే ముందు పంచాంగంలో తిథి చూడండి. ఆ రోజు పోటు వేళ తెలుసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు ప్రచురిస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సూచనలు ఇస్తుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2024 మే నెలలో, ఉప్పు సత్యాగ్రహం పాఠంలో మీరు చదివిన దాండీ తీరంలోనే, నలుగురు సముద్రంలో మునిగి చనిపోయారు. అదే నెలలో సూరత్ నుంచి నర్మదా తీరాన పోయిచాకు వెళ్లిన వారిలో ఏడుగురు మునిగిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. నదికి పోటు లేకపోయినా ఆనకట్ట ఉంటుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో, లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. తపతి మీద మనకు ఎగువన ఉకాయ్ ఉంది.

మునిగిపోయే పిల్లవాడు ఎలా కనిపిస్తాడో మీకు తెలుసా? సినిమాలో చూపినట్లు చేతులు ఊపి, కేకలు వేస్తాడనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. నోరు నీటి మట్టం దగ్గర పైకీ కిందికీ అవుతుంటుంది. ఊపిరి తీయడానికే సమయం చాలదు, ఇక అరుపు ఎక్కడిది? చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు. తల వెనక్కి వాలుతుంది. దూరం నుంచి ఆడుకుంటున్నట్లే ఉంటుంది. ఒక నిమిషంలోపే మునిగిపోవచ్చు. నీళ్లలో ఆడే పిల్లలు గోల చేస్తారు, గోల ఆగిందంటే చూడాలి.

పదిమంది పెద్దవాళ్లున్న చోట ఎవరికి వారు మరొకరు చూస్తున్నారనుకుంటారు. కాబట్టి "ఈ అరగంట బాబాయి చూస్తాడు, తరువాత అత్తమ్మ" అని పేరు పెట్టి చెప్పించండి. చూసేవారి చేతిలో ఫోను ఉండకూడదు. చిన్నపిల్లలు చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి. మీకు పదమూడేళ్లయితే, "నేను ఒక్కణ్నే చూడలేను, పెద్దవాళ్లు కూడా రావాలి" అని చెప్పడం తప్పు కాదు.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. ఈత వచ్చినవారిని కూడా భయంలో ఉన్నవాడు పట్టుకుని కిందికి లాగుతాడు. సూరత్‌లో చీరకు కొదవా? ఐదు మీటర్లకు పైగా పొడవుండే చీర అంచు ముడివేసి విసరండి. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ క్యాను సుమారు ఐదు కిలోల బరువును తేల్చి ఉంచుతుంది. నోరు నీటిపైన ఉండటానికి అది చాలు. ఆర్కిమెడిస్ సూత్రం పరీక్షకు మాత్రమే కాదు మరి.

ఒడ్డుకు చేర్చాక కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం, కడుపు నొక్కడం మనవాళ్ల అలవాటు. అలా చేయకూడదు. దానివల్ల సమయం పోతుంది, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లవాడు ఊపిరి తీయకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదాలి. అయినా కదలిక లేకపోతే రొమ్ము మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 నొక్కులు, ఆపై రెండు ఊపిరులు, ఇలా సహాయం వచ్చేదాకా చేయాలి. మరొకరు వెంటనే 108కి ఫోను చేయాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ 2007 నుంచి గుజరాత్‌లోనూ ఉంది. పిల్లవాడు లేచి కూర్చుని మాట్లాడినా సరే ఆసుపత్రికి తీసుకుపోండి. ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి ఉంటే దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత కూడా పెరగవచ్చు.