ఆకు కూజాలో దోమల కాపురం

కీటకాహార మొక్క పురుగును పట్టి తనే అరిగించుకుంటుందని బడిలో చదువుకున్నాం. అమెరికాలో ఫ్లోరిడా వాయవ్య భాగాన, అపలాచికోలా అడవిలోని బురద నేలల్లో పెరిగే కూజా మొక్క తీరు వేరు. పురుగును పట్టడం దాని పని. తుంచి, నమిలి, కుళ్లబెట్టే పని చాలావరకు ఆకులో కాపురమున్న జీవులది.

సర్రసీనియా పర్‌ప్యూరియా అనే ఈ మొక్క ఆకులు పొట్టిగా, పొట్ట ఉబ్బి, నేలనానుకుని ఉంటాయి. దీని బంధువుల్లో చాలావాటికి కూజా మీద మూతలాంటి రేకు ఉంటుంది. దీనికి ఆ రేకు నిలువుగా లేచి ఉండటంతో వాన నేరుగా లోపల పడుతుంది. రేకు లోపలి వైపు నిండా కిందికి వాలిన బిరుసు నూగు. తేనె కోసం వచ్చిన చీమ కాలు జారితే ఆ నూగు పైకి ఎక్కనివ్వదు.

మునిగిన చీమ కోసం అడుగున ఎదురుచూసేది మెట్రియోక్నెమస్ అనే చిన్న ఈగ లార్వా. అది కళేబరాన్ని కొరికి నలగ్గొడుతుంది. రాలిన తునకల మీద బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియాను ఏకకణ జీవులు, రోటిఫర్లనే సూక్ష్మజీవులు తింటాయి. వీటన్నిటినీ నీళ్లలోంచి వడగట్టుకు తినేది వయోమియా స్మితీ దోమ పిల్ల. కింద ఈగ లార్వా ఎంత నమిలితే పైన దోమ పిల్లకు అంత మేత అని పరిశోధకుడు స్టీఫెన్ హెర్డ్ 1994లో చూపించాడు. చివరికి మిగిలిన నత్రజని, భాస్వరం మొక్కకు చేరతాయి. సారం లేని ఆ నేలలో దానికి అవే ఎరువు.

ఈ దోమ పిల్లలు ఇంకెక్కడా పెరగవు. ఈ మొక్క పెరిగే ప్రాంతాల్లో ఉత్తరాది దోమలు రక్తం తాగకుండానే గుడ్లు పెడతాయి. దక్షిణాదివి మొదటి విడత గుడ్లు అలాగే పెట్టినా, తర్వాతి విడతకు కుట్టగలవు. పగటి నిడివి తగ్గడాన్ని బట్టి లార్వాలు చలికాలపు నిద్రకు సిద్ధమవుతాయి. 1972కీ 1996కీ మధ్య ఉత్తరాది దోమల్లో ఆ గడువు తొమ్మిది రోజులు ఆలస్యమైందని శాస్త్రవేత్తలు బ్రాడ్‌షా, హోల్జాప్‌ఫెల్ 2001లో ప్రకటించారు. వేడెక్కుతున్న వాతావరణానికి ఒక జీవి జన్యుపరంగానే మారిందనడానికి దొరికిన తొలి రుజువుల్లో ఇదొకటి.

ఈ బురద నేలలకు అప్పుడప్పుడు మంట తగలాలి. లేకపోతే పొదలు కమ్మేసి కూజా మొక్కలకు ఎండ అందదు. అందుకే అటవీ సిబ్బంది అదుపులో ఉండేలా మంటలు పెడతారు. కాలువలు తవ్వి నీళ్లు తోడేసిన చోట, మొక్కలను పెరికి అమ్ముకున్న చోట మాత్రం ఏ మంటా వాటిని కాపాడలేదు. మన దేశంలో మేఘాలయ కొండల్లో పెరిగే నెపంథిస్ ఖాసియానా అనే కూజా మొక్కకూ ఇదే ముప్పు. అందుకే దాని అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన ఆంక్షలున్నాయి. కూజా మొక్క మీద ముచ్చటపడితే నర్సరీలో పెంచినదే కొనండి. అడవిలోంచి పెరికి తెచ్చినది ఎంత చవకైనా వద్దనండి.