ఓటు వేయని నాయకునికీ ఆదివారం ప్రార్థన
డోర్నకల్ అజరయ్య గారు నడిచిన బాట

ఆదివారం ఆరాధనలో దేశాన్ని, రాష్ట్రాన్ని ఏలేవారి కోసం ప్రార్థించడం దక్షిణ ఇండియా సంఘపు దేవాలయాలలో ఏనాటినుంచో వస్తున్న ఆచారం. ఏ పార్టీ గెలిచినా ఆ ప్రార్థన ఆగదు. ఓడిన అభ్యర్థి తరఫున ఊరంతా తిరిగి ప్రచారం చేసిన వ్యక్తి కూడ, మరుసటి ఆదివారం గెలిచినాయన కోసం ‘ఆమెన్’ అనవలసిందే. వినడానికి చిన్న సంగతే గాని, మనసుకు ఇది తేలికైన పని కాదు.

దీనికి మూలం బైబిలులోనే ఉంది. రాజుల కోసం, అధికారంలో ఉన్నవారందరి కోసం ప్రార్థించాలని పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖ చెబుతుంది. ఆనాడు రోములో ఉన్నది క్రైస్తవులను ఆదరించే ప్రభువు కాడు. అది నీరో చక్రవర్తి కాలమని సంప్రదాయం. అయితే ప్రార్థించమన్న ఆ గ్రంథం నోరు మూసుకొమ్మని మాత్రం అనలేదు. దావీదు తప్పు చేసినపుడు నాతాను ప్రవక్త నేరుగా రాజు ఎదుటికే వెళ్లి తప్పు చూపాడు. సోదరుని భార్యను చేర్చుకున్న హేరోదును నిలదీసి యోహాను తల పోగొట్టుకున్నాడు. దానియేలు రాజాజ్ఞను పాటించలేదు గాని, సింహాల గుహలో నుంచి సైతం రాజుతో మర్యాదగానే మాట్లాడాడు. పౌలుకే ఒకసారి నోరు జారింది. తనను కొట్టమన్న పెద్దను సున్నం పూసిన గోడతో పోల్చి మాట్లాడి, ఆయన ప్రధాన యాజకుడని తెలియగానే, ప్రజల అధికారిని నిందించరాదన్న ధర్మశాస్త్రాన్ని తానే గుర్తు చేసుకున్నాడు.

తెలుగునాట ఈ విషయానికి చక్కని ఉదాహరణ కావాలంటే, నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు వెళ్లాలి. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో ఇక్కడికి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకొని, ఇక్కడి వారే అయిపోయారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. నిజాం రాజ్యంలో నివాసం, బ్రిటిష్ వారి ఆధిపత్యంలో సంఘం, చుట్టూ స్వాతంత్ర్యోద్యమం. ఇన్ని అధికారాల నడుమ ఎవరితోనూ విభేదించకుండా గడపడం ఎలాగూ సాధ్యం కాదు.

ఆయన విభేదించడం తెల్లదొరలతోనే మొదలైంది. 1910లో ఎడింబరో మహాసభలో, మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే, భారతీయులను వారు స్నేహితులుగా చూడడం లేదని సభాముఖంగా అడిగారు. ఆ మాటలు కొందరికి కోపం తెప్పించాయి. అయినా ఆయన సంఘాన్ని విడిచి వెళ్లలేదు.

గాంధీజీతో వచ్చిన భేదం అంతకంటె పెద్దది. పల్లెల్లో మాల, మాదిగలు గుంపులుగా బాప్తిస్మం పొందడం గాంధీజీకి సమ్మతం కాదు. 1936లో అమెరికన్ క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, ఆవుకు సువార్త బోధిస్తారా అని ఆయన ప్రశ్నించారు. హరిజనులలో చాలామందికి మతభేదాలు తెలియవన్నది ఆయన ఉద్దేశం. మంచి మనసుతోనే అన్నా, ఆ పోలిక చాలామంది క్రైస్తవులను నొప్పించింది. నొప్పించడంలో వింత కూడ లేదు. తమ ఆత్మ సంగతి తామే తేల్చుకోగలమని నమ్మిన జనం వారు. అజరయ్య గారు బాప్తిస్మాలు ఆపలేదు. 1941 నాటికి ఆయన అధ్యక్ష మండలంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

విశేషమేమంటే, అదే దశాబ్దంలో మరో పెద్ద ప్రశ్నలో అజరయ్య గారు గాంధీజీ ఉన్న వైపే నిలిచారు. 1932 నాటి కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. తన వారికి సీట్లు తెచ్చిపెట్టే ఆ ఏర్పాటును బిషప్ గారే వ్యతిరేకించారు. సంఘం అన్నది ఒక కులం వలె, ఓట్ల గుంపు వలె తయారవుతుందని ఆయన భయం. ఒక విషయంలో ఎదిరించిన నాయకుణ్ణి అన్నిటిలోనూ శత్రువుగా లెక్క కట్టడం ఆయన పద్ధతి కాదనడానికి ఇంతకంటె రుజువు అక్కరలేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌లో మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిసి కనిపిస్తాయి. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు.

పాలకులతో పేచీ నేటికీ తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తింపజేశారు. తెలుగు రాష్ట్రాలలో దళిత క్రైస్తవులు బి.సి.-సి జాబితాలో ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అదే వాడ, అదే గుడిసె, పక్కింటి వానికి ఉన్న హక్కు మాత్రం లేదు. ఈ విషయం పరిశీలనకు కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. హోదా ఇమ్మని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. వినతిపత్రాలు, ధర్నాలు ఒక పక్క నడుస్తూనే ఉన్నాయి.

ఇక ఎన్నికల రుతువులో వచ్చే చిక్కు వేరు. క్రిస్మస్ సభలకు అన్ని పార్టీల వారూ వస్తారు, కేకు కోస్తారు, శాలువా కప్పించుకుంటారు. రాజకీయంగా నచ్చని వానికి శాలువా కప్పాలా అని సంఘ పెద్దలలో వాదన పుడుతుంది. కప్పడంలో తప్పేమీ లేదు. వచ్చిన అతిథికి అది మర్యాద. చిక్కల్లా మైకు దగ్గరే. కొన్ని చోట్ల పెద్దలు దీనికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. నాయకుడు ఏ పార్టీ వాడైనా ఆరాధన వేళ విశ్వాసుల నడుమ బల్లపై కూర్చోవాలి, దీవెన ముగిశాకే బయట పందిట్లో మాట్లాడాలి.